లారీ ఇంజిన్ కంప్యూటర్ ట్యూనింగ్ నేర్చుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్‌కు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారిని నమ్ముకొని బతికే తెలుగు కుటుంబాలు కొరాపుట్ జిల్లాలో చాలా ఉన్నాయి. ఆ కుటుంబాలకు చెంది సెమిలిగూడ, జయపురం షెడ్లలో పని నేర్చుకుంటున్న యువకులు కొందరు లాప్‌టాప్, కేబులు కొనుక్కొని లారీ ఈసీయూను (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ను) ట్యూన్ చేయాలని ఉత్సాహపడుతున్నారు. నేర్చుకోదగిన విద్యే. అయితే షెడ్డులో జరిగిన పొరపాటు షెడ్డులో బయటపడకుండా, వానలో తడిసిన ఘాటీ మలుపులో, లోడుతో ఉన్న డ్రైవరు మీద పడుతుంది కాబట్టి, వానాకాలం రాకముందే ఈ నాలుగు మాటలు చెప్పడం అవసరమనిపించింది.

‘బండి లాగడం లేదు’ అని ఎవరైనా వస్తే వెంటనే ఈసీయూలోని ఫైలు (ఇంజిన్ ఎలా నడవాలో చెప్పే సాఫ్ట్‌వేర్) మార్చడానికి పూనుకోకండి. నేను చూసినంతలో అలాంటి బండ్లలో ఎక్కువ వాటికి ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడమో, ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే భాగం) గొట్టం చీలడమో, డీజిల్ ఫిల్టరులో నీరు చేరడమో, సెన్సర్ కప్లర్‌లో తుప్పు పట్టడమో అసలు కారణం. గొట్టం చీలిన బండికి డీజిల్ మోతాదు పెంచితే రోగం దాగుతుంది, పొగ పెరుగుతుంది, చివరికి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగం) పోతుంది. మొదటి కొన్ని నెలలు స్కానర్‌తో చదవడం మాత్రమే నేర్చుకోండి. ఖాళీగా, లోడుతో, ఎక్కుడులో రైలు ఒత్తిడి (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలోని ఒత్తిడి), బూస్టు (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), కూలెంట్ వేడి ఎలా మారుతున్నాయో నమోదు చేసి పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న బండి అంకెలు తెలియనివారికి జబ్బు పడిన బండి అంకెలు అర్థం కావు.

ఈసీయూలోకి ఫైలు రాయడానికి చేయి పెట్టేది బతుకుతెరువు బండి మీద కాకూడదు. స్క్రాప్‌లో దొరికే పాత ఈసీయూ ఒకటి కొని, బల్ల మీద పెట్టి, చదవడం, రాయడం, చెడితే తిరిగి లేపడం సాధన చేయండి. ఒరిజినల్ ఫైలును రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, బండి నంబరు, ఈసీయూ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు, ఇంజెక్టర్ల కోడ్లు పుస్తకంలో రాసుకోండి. కొన్ని ఈసీయూల నుంచి ఓబీడీ పోర్టు (బండికి స్కానర్ తగిలించే సాకెట్) ద్వారా పూర్తి ఫైలు రాదు. పరికరం అదే నంబరున్న మరో ఫైలును తన సర్వరు నుంచి తెచ్చి చూపుతుంది. దానిని మీ బండి అసలు ఫైలుగా భ్రమపడితే తిరుగుదారి ఉండదు.

కొత్తవారి చేతిలో ఈసీయూలు చచ్చిపోవడానికి ముఖ్యమైన కారణం రాస్తున్నప్పుడు కరెంటు తగ్గడం. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిసిన 24 వోల్టుల వ్యవస్థ లారీలది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 25 వోల్టులకు తక్కువగా చూపిస్తే రాయడం మొదలుపెట్టకండి. నిలకడగా వోల్టేజి ఇచ్చే సప్లై వాడండి. సాధారణ చార్జరు వోల్టేజి ఊగిసలాడుతుంది. ఉరుములతో కరెంటు పోయే సాయంత్రాలలో లాప్‌టాప్ బ్యాటరీ నిండుగా లేకుండా కూర్చోవద్దు. అదే బండి చాసిస్‌కు ఎవరైనా వెల్డింగ్ చేయబోతుంటే బ్యాటరీ తీగలు, ఈసీయూ కప్లర్లు విప్పించి తీరాలి.

ఇక అసలు మార్పు సంగతి. పాత పంపు ఇంజిన్లలో స్క్రూ తిప్పి డీజిల్ పెంచిన అలవాటు ఈసీయూ ఉన్న ఇంజిన్లలో పనికిరాదు. టార్క్ హద్దు, పొగ హద్దు, బూస్టు, ఇంజెక్షన్ సమయం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌లో గాలి ఒత్తిడి తీరప్రాంతం కన్నా దాదాపు పదో వంతు తక్కువ కాబట్టి, అదే బూస్టు అందించడానికి టర్బో మరింత వేగంగా తిరగవలసి వస్తుంది. ఆ వేగం హద్దు మీరకుండా ఎత్తును బట్టి బూస్టును, డీజిల్‌ను తగ్గించే మ్యాపులను (ఫైలులోని అంకెల పట్టికలను) ఎట్టి పరిస్థితిలోనూ తొలగించకండి. విజయనగరంలో బాగా నడిచిన ఫైలు పొట్టంగి దాటాక టర్బోను చంపగలదు. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరిగే లోహం. పిస్టన్‌ను కాపాడేది ఆయిల్ చల్లదనం, మంట క్షణకాలమే తగలడం. అధిక డీజిల్‌తో నిమిషాల తరబడి ఎక్కుడు ఎక్కితే ఆ రక్షణ చాలదు. అందుచేత టర్బోకు ముందు ఎగ్జాస్ట్ పొగ ఉష్ణోగ్రత కొలిచే మీటరు బిగించకుండా డీజిల్ మోతాదు ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఎగ్జాస్ట్ బ్రేకు, 80 కిలోమీటర్ల వేగ పరిమితి జోలికి పోకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు ‘యూరియా కట్ చేసిపెట్టు బాబూ’ అని, అంటే పొగలోని కాలుష్యం తగ్గించే యూరియా ద్రవం లేకుండానే బండి నడిచేలా చేయమని యజమాని అడిగితే మర్యాదగా నిరాకరించండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు అది విరుద్ధం. అదే చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది.

మార్చిన బండిని మొదటిసారి పగటిపూట, పొడి రోడ్డు మీద, ఖాళీగా, తర్వాత సగం లోడుతో చదును దారిలో నడిపించి, ఒక్కసారికి ఒక్క మార్పే పరీక్షించండి. ఏం మార్చారో డ్రైవరుకు వివరంగా చెప్పండి. ఒరిజినల్ ఫైలు తిరిగి రాయగలిగేంత సమయం చేతిలో ఉన్న రోజునే ఈ పరీక్ష పెట్టుకోండి. రాత్రికి లోడు ఎత్తవలసిన బండి మీద పెట్టుకోవద్దు.