మెషీన్‌లో పనికిరాని కుంకుడుకాయలు పట్టుచీరలకు

డిటర్జెంట్ మానేద్దామని కుంకుడుకాయలను గుడ్డసంచిలో కట్టి వాషింగ్ మెషీన్‌లో వేశాను. చన్నీళ్లలో రసం సరిగా దిగలేదు. కాలర్ల మురికి వదల్లేదు, పైగా తెల్ల బట్టలు పసుపు రంగుకు తిరిగాయి. మిగిలిన కాయలు పారేయడానికి మనసొప్పక పట్టుచీరలకు వాడి చూశాను. అక్కడ మాత్రం చక్కగా కుదిరింది.

పది కాయలు చితక్కొట్టి గింజలు తీసేయండి. తొక్కలను అర లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పది నిమిషాలు మరిగించండి. బాగా చల్లారాక పలుచని గుడ్డలో వడకట్టాలి. ఇది తప్పనిసరి, పిప్పి మిగిలితే చీరమీద మరకలు పడతాయి. ఆ రసాన్ని అర బకెట్ చన్నీళ్లలో కలిపి, చీరను ఐదు నిమిషాలు మాత్రమే ఉంచండి. రుద్దకుండా, పిండకుండా మంచినీళ్లలో రెండుసార్లు జాడించి నీడలో ఆరేయండి. ఉన్ని స్వెటర్లకూ ఇదే పద్ధతి.

తెల్లవి, లేత రంగువి మాత్రం ముంచొద్దు. ముదురు రంగు చీరైనా ముందు లోపలి అంచు మూల తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడండి. రంగు అంటితే ఇంట్లో ఉతక్కండి. జరీ ఎక్కువున్న చీరలు నేనైతే ఇప్పటికీ డ్రైక్లీనింగ్‌కే ఇస్తున్నాను. రసం నిల్వ ఉండదు, ఏ రోజుకారోజు చేసుకోవాలి.