కాన్పు తర్వాత మళ్లీ డ్యూటీకి వెళ్లాలంటే

రేణిగుంట వైపు వెళ్లే కంపెనీ బస్సుల్లో పొద్దున్నే చూడండి, ఎంతమంది ఆడవాళ్లో. కాన్పుకని వెళ్లినవాళ్లు మాత్రం చాలామంది మళ్లీ ఆ బస్సులో కనబడరు. మానేయాలనుకుంటే మీ ఇష్టం, మానకూడదనుకుంటే ఏర్పాట్లు ఇప్పుడే, కడుపుతో ఉన్నప్పుడే మొదలుపెట్టాలి.

ముందు సెలవు లెక్క. 2017లో చట్టం మార్చాక మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో 26 వారాలు ఇవ్వాలి. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, కాంట్రాక్టు మీద ఉన్నా అడగొచ్చు. ఇందులో కాన్పుకు ముందు 8 వారాల వరకు వాడుకోవచ్చు గానీ, సీమంతం అవగానే పుట్టింటికి వెళ్లిపోయారంటే ఆ 8 అక్కడే కరిగిపోయి తర్వాత 18 వారాలే మిగులుతాయి, అంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే డ్యూటీ, ఇంకా పాలు తప్ప ఏమీ పెట్టని వయసు. డాక్టరు సరే అంటే ఆ వారాలు మిగుల్చుకోండి. జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కట్ అవుతుంటే డబ్బులిచ్చేది ఈఎస్ఐనే, అక్కడ రూల్స్ వేరు, ముందే కనుక్కోండి.

సెలవు లెటర్ రెండు కాపీలు రాసి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సంతకం వేయించుకోండి. మొహమాటపడొద్దు. నేను సూపర్‌వైజర్‌కి నోటిమాటగా చెప్పి వెళ్లాను, 'అట్లే కానీమ్మా' అన్నారు. తిరిగొచ్చేసరికి ఆయన లేరు, నేను మానేసినట్టు రిజిస్టర్‌లో ఉంది! సెలవులో ఉన్న మనిషిని తీసేయకూడదని చట్టంలో ఉంది, కానీ సెలవులో ఉన్నానని చూపించే కాగితం నా దగ్గర లేదు, నెలరోజులు తిరిగాను.

డ్యూటీకి రెండు వారాల ముందు నుంచే పాలు పిండి ఇంట్లోవాళ్లతో పట్టించండి. మావాడు సీసా నోట్లో పెట్టనివ్వలేదు. మా అమ్మ ఉగ్గుగిన్నెతో పడితే తాగాడు, అదీ నేను ఇంట్లో లేనప్పుడే, నా గొంతు వినబడితే మొహం తిప్పేసేవాడు. పిండిన పాలు వెంటనే ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టండి, మే నెల తిరుపతి ఎండలో బయట పెట్టే మాటే వద్దు.

బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు బ్రేకులు మీ హక్కు. యాభై మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, కూడా ఉండాలి. అది దూరమైతే పాలు పిండుకోడానికి గడియ పడే గది అడగండి, బాత్రూమ్ చూపిస్తే ఒప్పుకోవద్దు.

మొదటి రోజు సోమవారం వద్దు, గురువారం పెట్టుకోండి, మూడు రోజులు ఓర్చుకుంటే ఆదివారం. బ్యాగులో ఇంకో జత బట్టలు, ముదురు రంగువి, పాలు కారినా కనబడవు.