వైనాబ్‌లోకి ఇంటి లెక్కలు: టైప్‌స్క్రిప్ట్ లైబ్రరీతో ఎట్ల పంపాలె

వైనాబ్ (YNAB) అంటే ఇంటి బడ్జెట్ రాసుకునే యాప్, దాంట్లో మన బ్యాంకులు నేరుగా కలవవు. అమెరికా, కెనడా, యూకే, యూరప్ బ్యాంకులకైతే లావాదేవీలు వాటంతట అవే వచ్చి పడతయి. నల్లగొండలో ఉన్నోళ్లం మాత్రం ఒక్కొక్కటి చేత్తో కొట్టుకోవాలె, లేకుంటే ఫైలు ఎక్కించాలె, అదీ కాదంటే ఏపీఐ (మన ప్రోగ్రాం నేరుగా ఆ యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి) పట్టుకోవాలె. నేను మూడోది పట్టుకున్న. మా ఇంటి లెక్క రెండు చోట్ల ఉంటది. యూపీఐ చెల్లింపులన్నీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో, నగదంతా అమ్మ రాసే పొడుగు నోట్‌బుక్కులో. కూలి, ఎరువు, బోరు మోటరు రిపేరు, బత్తాయి తోటకు డ్రిప్పు పైపులు, పాలు, చిట్టీ, అన్నీ ఆ బుక్కులోనే. ఈ రెండింటినీ ఒకే చోటికి పంపే చిన్న ప్రోగ్రాం ఎట్ల రాసుకోవాలో చెప్తున్న.

వైనాబ్ ఉత్తగ వచ్చేది కాదు, నేను ఏడాదికి 109 డాలర్లు కడుతున్న. ఖర్చులు రాసుకునేటందుకు ఇంత ఖర్చా అని మా నాయిన అడుగుతనే ఉంటడు. మొదట 34 రోజులు ఫ్రీగ వాడుకోవచ్చు, ఆ లోపల మీకు పనికొస్తదో రాదో తేలిపోతది.

ఏపీఐలోని పేర్లన్నీ ఇక్కడ పలికినట్టే రాస్తున్న. ఎడిటర్‌లో చుక్క పెట్టగానే అసలు స్పెల్లింగులు అదే చూపిస్తది, టైపులున్న లైబ్రరీతో (ఎక్కడ నంబరు, ఎక్కడ మాట రావాలో ముందే రాసి ఉన్న రెడీమేడ్ కోడ్‌తో) మొదటి లాభం అదే. నేను వాడే వెర్షన్‌లో బడ్జెట్ అని ఉన్నది మీ దాంట్లో ఇంకో పేరుతో ఉంటే ఎడిటర్ మాటే నమ్మండి.

సామాన్లు

నోడ్ (జావాస్క్రిప్ట్‌ను కంప్యూటర్‌లో నడిపేది), టైప్‌స్క్రిప్ట్ (టైపులు చూసే జావాస్క్రిప్ట్) ముందే ఉండాలె. ఎన్‌పీఎంలో (ప్యాకేజీలు దొరికే చోటు) ప్యాకేజీ పేరు కూడా వైనాబ్, ఆ కంపెనీ వాళ్లు ఇచ్చేదే. టైపులు దానితోనే వస్తయి, వేరే ప్యాకేజీ అక్కర్లేదు. టీఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైలులో స్ట్రిక్ట్ (గట్టి తనిఖీ) ఆన్ చెయ్యండి. అది లేకుంటే ఈ లైబ్రరీకి టైపులు ఉన్నా లేనట్టే. మెమో, క్యాటగిరీ ఐడీ వంటివి నల్ (ఖాళీ) రావొచ్చని టైపులో స్పష్టంగ రాసి ఉంటది గని, స్ట్రిక్ట్ లేకుంటే ఎడిటర్ మిమ్మల్ని హెచ్చరించదు.

టోకెన్ (ఏపీఐకి తాళంచెవి లాంటి రహస్య అక్షరాలు) కోసం బ్రౌజర్‌లో వైనాబ్ అకౌంట్ సెట్టింగ్స్‌కు పోయి, డెవలపర్ సెట్టింగ్స్‌లో కొత్త టోకెన్ తీసుకోండి. పూర్తి టోకెన్ ఒక్కసారే కనపడతది, వెంటనే ఎన్వ్ ఫైలులో (రహస్యాలు పెట్టుకునే .env ఫైలు) పెట్టుకోండి, ఆ ఫైలును గిట్‌లోకి (కోడ్ దాచుకునే చోటు) పోకుండ ఆపండి. ఆ టోకెన్ ఉన్నోళ్లు మీ లెక్కలు చూడటమే కాదు, రాయగలరు, చెరపగలరు.

అసలు బడ్జెట్‌ను ముట్టకముందు వైనాబ్‌లో పరీక్ష అని ఇంకో బడ్జెట్ తెరిచి, కరెన్సీ రూపాయి పెట్టండి. కోడ్‌లో టోకెన్ ఇచ్చి ఏపీఐ ఆబ్జెక్ట్ కట్టినంక, బడ్జెట్స్ కింద గెట్‌బడ్జెట్స్ పిలిస్తే రెండూ వస్తయి. జవాబు డేటా అనే పొరలో ఉంటది, దాని లోపల బడ్జెట్స్ జాబితా, ఒక్కోదానికి ఐడీ, పేరు. పరీక్షదాని ఐడీ తీసి సెట్టింగ్స్‌లో పెట్టుకోండి. ఐడీ బదులు లాస్ట్-యూజ్డ్ అని రాసినా ఏపీఐ ఒప్పుకుంటది గని నేనైతే వద్దంట. పొద్దున ఫోన్‌లో ఇంటి బడ్జెట్ తెరిచి చూసి ఉంటరు, పరీక్ష కోసం పంపిన చెత్తంతా అందులకే పోతది.

ఇదే తీరుగ గెట్‌అకౌంట్స్ పిలిచి నగదు ఖాతా, బ్యాంకు ఖాతా ఐడీలు కూడా తీసుకోండి.

రూపాయలు, మిల్లీలు

అసలు కథ ఇక్కడ ఉన్నది. వైనాబ్ ఏపీఐలో మొత్తాలు రూపాయల్లో ఉండవు, రూపాయికి వెయ్యో వంతుల్లో ఉంటయి, వాళ్లు మిల్లీయూనిట్లు అంటరు. 45 కిలోల యూరియా బస్తా 266.50 రూపాయలు. అది ఏపీఐకి 266500. ఖర్చు కాబట్టి ముందు మైనస్ గుర్తు, అంటే -266500. రైతు భరోసా (సర్కారు రైతులకిచ్చే సాయం) ఎకరాకు పంటకాలానికి 6,000 చొప్పున మూడెకరాలకు 18,000 వస్తే, పంపాల్సింది 1,80,00,000. వెయ్యితో గుణించకుండ 18000 అనే పంపితే రాబడి పద్దెనిమిది రూపాయలని పడతది. టైప్‌స్క్రిప్ట్ కిక్కురుమనదు, సర్వరూ ఒప్పుకుంటది. రెండిటి లెక్కలో అది నంబరే మరి.

టైపులున్నయి కదా అని ధీమాగ ఉండొద్దని నేను చెప్పేది ఇందుకే. లైబ్రరీ టైపు మీరిచ్చినది నంబరా, స్ట్రింగా (అక్షరాల వరుసా) అని చూస్తది, ఆ నంబరుకు అర్థమేందో చూడదు. ఆ అర్థాన్ని మనమే టైపుగ చెయ్యాలె.

నేను చేసేది ఇట్ల. మిల్లీ అని ఒక టైపు రాసిన. అది నంబరే, కాకపోతే దానికి యాంపర్‌సాండ్‌తో (&) ఒక ఉత్తుత్తి రీడ్‌ఓన్లీ గుర్తు అతికించి ఉంటది. నడిచేటప్పుడు ఆ గుర్తు ఎక్కడా ఉండదు, కంపైలర్‌కు (ప్రోగ్రాం నడవకముందే తప్పులు పట్టేదానికి) మాత్రమే కనపడతది. ఇగ మామూలు నంబరును మిల్లీ అడిగే చోట ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. మిల్లీని లైబ్రరీ నంబరు అడిగే చోట ఇస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మనకు కావలసింది అచ్చం ఇదే.

మిల్లీ పుట్టే దారులు రెండే పెట్టిన. ఖర్చు అనే ఫంక్షను, రాబడి అనే ఫంక్షను. రెండూ రూపాయలు తీసుకుంటయి, ప్లస్ నంబరే తీసుకుంటయి, మైనస్ ఇస్తే ఎర్రర్ విసురుతయి. గుర్తు పెట్టే పని వాటిది. అమ్మ బుక్కులో మైనస్ ఎక్కడుంటది? ఎడమ పక్క వచ్చినవి, కుడి పక్క పోయినవి, అంతే.

వెయ్యితో గుణించినంక మ్యాథ్ రౌండ్ తప్పకుండ పెట్టాలె. జావాస్క్రిప్ట్‌లో 4.35ను 100తో గుణిస్తే 435 రాదు, 434.99999999999994 వస్తది. మిల్లీయూనిట్లు పూర్ణాంకాలుగనే ఉండాలె కాబట్టి పైసలున్న ప్రతి మొత్తం రౌండ్ దాటే పోవాలె. ఇంకొకటి. రెండు మిల్లీలను కూడితే టైప్‌స్క్రిప్ట్ దాన్ని మామూలు నంబరే అంటది, గుర్తు ఊడిపోతది. కాబట్టి కూడికకు మొత్తం అని ఇంకో చిన్న ఫంక్షను రాసి, దాని జవాబుకు గుర్తు మళ్ల అతికించండి.

బడ్జెట్ ఐడీ, ఖాతా ఐడీ, క్యాటగిరీ ఐడీ మూడూ లైబ్రరీకి ఉత్త స్ట్రింగులే. ఒకదాని జాగలో ఇంకోటి పెట్టినా కంపైల్ అయితది. వాటికీ ఇదే తీరు గుర్తులు పెట్టుకోవచ్చు. తప్పు ఐడీ ఇస్తే సర్వర్ ఎట్లాగూ తిప్పికొడతది గనుక నేను వాటికి అంత కష్టపడలేదు. మొత్తం తప్పయితే మాత్రం ఎవరూ తిప్పికొట్టరు.

క్యాటగిరీలకు ఇంకో కిటుకు. కూలి, ఎరువు, బోరు, పాలు, చిట్టీ, చెరువుగట్టు అని మీ పేర్లన్నీ ఒక యూనియన్ టైపుగ (ఈ పేర్లు తప్ప ఇంకోటి చెల్లదనే టైపు) రాయండి. ఆ పేర్ల నుంచి వైనాబ్ ఐడీలకు పట్టిక కట్టి దానికి రికార్డ్ టైపు (ప్రతి పేరుకూ ఐడీ ఉండాల్సిందే అనేది) ఇవ్వండి. చెరువుగట్టు జాతర కోసం నెలనెలా కొంత పక్కకు పెడదామని పేరు కలిపి, ఐడీ పెట్టుడు మర్చిపోతే ప్రోగ్రాం నడవకముందే ఎర్ర గీత వస్తది.

తారీఖు

ఏపీఐకి తారీఖు 2025-06-14 తీరుగ కావాలె. టైపులో అది స్ట్రింగే, కాబట్టి మనం రాసుకునే 14-06-2025 కంపైలర్‌ను దాటిపోతది, సర్వర్ 400 ఎర్రర్ ఇస్తది. అది నయమే, తెలుస్తది. తెలియనిది ఇంకోటున్నది. డేట్ ఆబ్జెక్ట్‌ను జూన్ 14 అర్ధరాత్రి 12కు కట్టి టుఐఎస్ఓస్ట్రింగ్ పిలిస్తే 2025-06-13 వస్తది. అది గ్రీన్‌విచ్ టైముకు మార్చి చెప్తది, మనం దానికి అయిదున్నర గంటలు ముందున్నం. అంటే పొద్దున అయిదున్నర లోపల జరిగినదంతా నిన్నటి లెక్కలో పడతది. ఒకటో తారీఖు తెల్లారుజామున పాలాయనకు ఇచ్చిన నెల పైసలు పోయిన నెలలో పడితే రెండు నెలల లెక్కా చెడుతది.

అందుకే డేట్ ఆబ్జెక్ట్‌ను దగ్గరికే రానియ్యొద్దు. బుక్కులోని తారీఖును అడ్డగీతల దగ్గర విడగొట్టి, ముక్కలు తిప్పి పెట్టి మళ్ల కలపండి. ఇంకా రాని తారీఖులను ఈ దారిలో సర్వర్ తీసుకోదు, కాబట్టి వచ్చే వారం కట్టాల్సిన చిట్టీని ఇప్పుడే పంపలేరు.

ఒకటే రెండుసార్లు పడకుండ

ఆదివారం బుక్కు ముందు పెట్టుకొని వరుసలు సీఎస్‌వీలో (కామాలతో గడులు విడగొట్టిన ఫైలు) కొడత: తారీఖు, ఎవరికి, మొత్తం, క్యాటగిరీ. ఆ ఫైలు చదివితే వచ్చేదంతా స్ట్రింగులే. దాన్ని యాజ్ (as) అని రాసి మీ టైపుగ మార్చేస్తే కంపైలర్ ఊరుకుంటది, కానీ అక్కడ ఏ తనిఖీ జరగదు. వరుసకు నాలుగు గడులున్నయా, మొత్తం నిజంగ నంబరేనా, క్యాటగిరీ మన పట్టికలో ఉన్నదా అని ఇఫ్‌లు రాసి చూడాల్సిందే. తేడా వస్తే వరుస నంబరు చెప్పి ఆగిపోవాలె.

అదే ఫైలు మళ్ల పంపితే లెక్క రెట్టింపు కాకుండ ఇంపోర్ట్ ఐడీ ఉన్నది. 36 అక్షరాల లోపల మీ ఇష్టం. ఒకే ఖాతాలో అదే ఐడీతో మళ్ల పంపితే వైనాబ్ కొత్తగ రాయదు, డూప్లికేట్ ఇంపోర్ట్ ఐడీల జాబితాలో పెట్టి చెప్తది. యూపీఐకి ఇది తేలిక, 12 అంకెల రిఫరెన్స్ నంబరు ముందర యూపీఐ అని చేరిస్తే చాలు. నగదుకు తారీఖు, మిల్లీ మొత్తం, చివర ఒక వరుస సంఖ్య. ఒకే రోజు రెండు యూరియా బస్తాలు విడివిడిగ రాస్తే మొదటిది 1, రెండోది 2. ఈ సంఖ్య లేకుంటే రెండో బస్తా మాయమైతది. ఒకసారి పంపినంక మొత్తం తప్పని తెలిస్తే సీఎస్‌వీలో దిద్ది మళ్ల పంపకండి. మొత్తం మారితే ఐడీ మారుతది, పాతది ఉండంగనే కొత్తది వచ్చి కూర్చుంటది. అప్పుడు యాప్‌లోనే దిద్దాలె.

పంపేటప్పుడు క్రియేట్‌ట్రాన్సాక్షన్స్‌కు అన్నీ ఒకే జాబితాగ ఇవ్వండి. గంటకు ఒక టోకెన్‌కు 200 పిలుపులే. వరుసకు ఒకటి చొప్పున పిలుస్తూ పోతే కోతల నెలలో కూలీ లెక్కలకే అయిపోయి, 429 (పిలుపులు మించినయనే ఎర్రర్) వస్తది. క్లియర్డ్ (పైసలు నిజంగ కదిలినయా అని చెప్పేది) అనే గడికి స్ట్రింగు చేత్తో రాయకుండ లైబ్రరీ ఇచ్చే విలువల నుంచే ఏరుకోండి. నగదుకు క్లియర్డ్ పెట్టేస్త, బ్యాంకువి స్టేట్‌మెంట్ నుంచి తీసినవే కాబట్టి వాటికీ అంతే.

ఎర్రర్ల దగ్గర టైపులు మీకు తోడు రావు. క్యాచ్‌లో (ఎర్రర్ పట్టుకునే చోట) దొరికేది స్ట్రిక్ట్‌లో అన్‌నోన్, అంటే అదేందో టైపు చెప్పదు. లోపల ఎర్రర్, దాని లోపల ఐడీ, నేమ్, డీటెయిల్ ఉన్నయా అని చూసి అచ్చు వెయ్యండి. 401 అంటే టోకెన్ తప్పు, 404.2 అంటే ఐడీ తప్పు.

వాపస్ చదివేటప్పుడు ప్రతిసారి మొత్తం తేవద్దు. గెట్‌ట్రాన్సాక్షన్స్ జవాబుతో సర్వర్ నాలెడ్జ్ అని ఒక నంబరు వస్తది, దాన్ని ఫైలులో దాచి తర్వాతిసారి ఇస్తే అప్పటినుంచి మారినవే వస్తయి. నడుమ అక్కర్లేని ఆర్గ్యుమెంట్లకు అన్‌డిఫైన్డ్ ఇవ్వాలె. యాప్‌లో చెరిపేసినవి కూడా అందులో వస్తయి, డెలీటెడ్ అనే గడి నిజమై ఉంటది. వాటిని పక్కకు తియ్యకుండ కూడితే మొత్తం తప్పుతది.

ఆఖరు పని నిల్వ చూసుకోవడం. గెట్‌అకౌంట్‌బైఐడీతో నగదు ఖాతా బ్యాలెన్స్ తెచ్చి, వెయ్యితో భాగించి, ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కు ఎన్-ఐఎన్ ఇచ్చి అచ్చు వెయ్యండి, లక్షల దగ్గర కామాలు మన తీరుగ పడతయి. ఆ అంకెను ఇంట్లో ఉన్న నగదుతో పోల్చండి. తేడా ఉంటే దాన్ని కోడ్‌తో సర్దే ఫంక్షను మాత్రం రాయొద్దు. ముందు అమ్మను అడగాలె, ఎక్కువసార్లు ఎవరికో చేబదులు ఇచ్చి బుక్కులో ఎక్కించని వంద, రెండు వందలే ఉంటయి. అది సీఎస్‌వీలో ఇంకో వరుస.