టాకోల్లోకి కీమా పొడిపొడిగా రావాలంటే ఎలా వండాలి?

మొన్న మా మరదలు టాకోలు (చిన్న రొట్టెలో కీమా పెట్టి మడిచి తినే మెక్సికో వంటకం) చేశానని పిలిస్తే వెళ్ళాం. మొదటి రొట్టె మడిచి నోటిదాకా తెచ్చేసరికి అడుగు తడిసి చిరిగింది, కీమా అంతా కంచంలో పడింది. చివరికి పిల్లలు చెంచాలతో తిన్నారు. "మసాలా తక్కువైందా వదినా?" అని అడిగింది. మసాలా సరిగ్గానే ఉంది. కీమాలో నీళ్ళు ఇంకకముందే వేసింది, అదీ సంగతి. ఈ తప్పు చాలా ఇళ్ళలో చూశాను, అందుకే రాస్తున్నా.

అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న ఆరు నెలలూ వారానికోసారి టర్కీ కోడి కీమాతో ఇదే వండాను. హనుమకొండకు వచ్చాక టర్కీ ఎప్పుడో గానీ దొరకదు కాబట్టి కోడి తొడ మాంసం కీమా వాడుతున్నా. పద్ధతి మారదు. రెండిట్లోనూ నీళ్ళు బాగా ఊరతాయి.

అర కిలో కీమా నలుగురికి సరిపోతుంది. రెండు పెద్ద చెంచాల నూనె, దంచిన ఎల్లిగడ్డ ఆరు రెబ్బలు, రెండు చిన్న చెంచాల కారం, చెంచాన్నర వేయించిన జీలకర్ర పొడి, అర చెంచా మిరియాల పొడి, చెంచా ఒరెగానో (పిజ్జా మీద చల్లే ఎండు ఆకు), చెంచా ఉప్పు, చెంచా మక్క పిండి, అర నిమ్మకాయ. వెడల్పాటి మందపాటి మూకుడు, చెక్క గంటె.

కారం మాత్రం చపాటా మిర్చిదే వాడండి. టమాటాలాగా గుండ్రంగా ఉండే మన వరంగల్ మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. రంగు ఎక్కువ, మంట తక్కువ. టాకోకు కావలసింది అదే. వేరే కారంతో అంత ఎరుపు రావాలంటే నోరు మండిపోతుంది. గరం మసాలా అసలు వద్దు. లవంగం, దాల్చినచెక్క పడితే అది సమోసాలో పెట్టే కీమా అవుతుంది. జీలకర్ర, ఎల్లిగడ్డ వాసనే ముందుండాలి.

ఇంకో మాట. కీమా కొట్టించాక కడగొద్దు. మనకు మాంసం ఏదైనా పసుపు వేసి నాలుగు నీళ్ళలో కడిగితే గానీ తృప్తి ఉండదు. కడగాలనుకుంటే ముక్కలుగా ఉన్నప్పుడే కడిగి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత కీమా చేయించండి. కొట్టిన కీమా జల్లెడలో వేసి కడిగితే తాగిన నీళ్ళన్నీ మళ్ళీ మూకుట్లోనే వదులుతుంది.

ఇక అసలు పని. మూకుడు బాగా కాలాక నూనె పోయండి, నూనె కదిలితే కీమా వేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డను అలాగే వేయకుండా వేళ్ళతో విడదీసి పలచగా పరచండి. అర కిలో కంటే ఎక్కువైతే రెండు వాయిలుగా చేయండి. మూకుడు నిండా కుక్కితే వేగదు, ఉడుకుతుంది. పరిచాక మూడు నిమిషాలు గంటె పెట్టకండి. చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు, అయినా ఆగండి. అడుగు ఎర్రబడితేనే రుచి. తర్వాత తిప్పి, గంటె అంచుతో ఉండలు చిదమండి.

ఇప్పుడు నీళ్ళు ఊరతాయి. కీమా తెల్లగా మారి, అంచుల్లో బుడబుడమని మరుగుతుంది. చూడ్డానికి ఉడికినట్టే ఉంటుంది. అందరూ తొందరపడేది ఇక్కడే. అప్పుడు వేసిన కారం ఆ నీళ్ళలో ఉడికి పచ్చివాసన కొడుతుంది, మాంసానికి పట్టదు. మూత పెట్టకండి, మంట తగ్గించకండి. చెవి పెట్టి వినండి. బుడబుడ తగ్గి చిటపట మొదలవుతుంది. గంటెతో కీమాను పక్కకు జరిపితే అడుగున నీళ్ళు కాకుండా నూనె మెరవాలి. నాకు ఆరేడు నిమిషాలు పడుతుంది, మీ పొయ్యిని బట్టి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. గడియారం కంటే ఆ చప్పుడునే నమ్ముకోండి. అన్నిటికంటే పెద్ద ఉండ విరిచి చూస్తే లోపల గులాబీ రంగు కనిపించకూడదు. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ దాటాలి.

అప్పుడు మంట తగ్గించి కీమాను అంచులకు తోసి, నడుమ ఖాళీలో కాస్త నూనె వేసి ఎల్లిగడ్డ, పొడులు, ఉప్పు వేయండి. అర నిమిషం చాలు, ఎక్కువైతే కారం మాడుతుంది. అంతా కలిపి, మక్క పిండి చల్లి, పావు కప్పు వేడినీళ్ళు పోయండి. ఇప్పుడెందుకు నీళ్ళంటే, ఇవి మసాలాను మాంసానికి అంటించడానికి. రెండు నిమిషాల్లో ఇంకిపోతాయి. దించాక నిమ్మరసం పిండండి.

ఉల్లిగడ్డ కీమాలో వేయను. సన్నగా తరిగి పచ్చిదే పైన చల్లుతాను, కొత్తిమీరతో పాటు. బురిటోకైతే (ఇదీ మెక్సికోదే, మడిచేది కాదు, చుట్టేది) పెద్ద గోధుమ చపాతీ పలచగా ఒత్తి, అన్నం, రాజ్మా కూడా పెట్టి చుట్టండి. టాకోకు మక్క రొట్టె అనుకుంటారు గానీ, మన మక్క పిండి రొట్టె మడిస్తే విరుగుతుంది. మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు, అందుకే ఆ పిండికి జిగురొస్తుంది. నేనైతే చిన్న చపాతీలే చేస్తాను. పెంక మీద నుంచి తీయగానే గుడ్డలో చుట్టిపెట్టండి, మెత్తగా మడత పడతాయి. కీమా మిగిలితే చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. మళ్ళీ వేడిచేసేటప్పుడు నీళ్ళు చల్లకండి.