న్యూహాంప్‌షైర్‌కు సామాను సర్దే ముందు

అమెరికాలోని ఆ చిన్న రాష్ట్రానికి ఇరవై వేల మంది లిబర్టేరియన్లు, అంటే ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువ ఉండాలనేవాళ్లు, వస్తున్నారు కదా అని బయలుదేరకండి. చెల్లాచెదురుగా ఉన్న లిబర్టేరియన్లు ఒకే చిన్న రాష్ట్రంలో చేరితే వారి మాట చెల్లుతుందని 2001లో జేసన్ సోరెన్స్ వేసిన లెక్క అది. ఆయన మొదలుపెట్టిన ఫ్రీ స్టేట్ ప్రాజెక్ట్ 2003లో న్యూహాంప్‌షైర్‌ను ఎంచుకుంది, 2016లో 20,000 సంతకాలు పూర్తయ్యాయి. అయిదేళ్లలో తరలివస్తామన్నది ఆ సంతకం అర్థం. వచ్చినవారు అందులో కొంత భాగమే. పెళ్లికి వస్తామన్న వారందరికీ విస్తళ్లు వేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

జీతం మీద రాష్ట్ర పన్ను లేదని, దుకాణంలో అమ్మకపు పన్ను లేదని సంబరపడి ఇల్లు కొనకండి. ఆ భారం చాలావరకు ఆస్తిపన్ను మీద పడుతుంది. బేరం కుదిరే ముందు ఆ ఇంటి పాత పన్ను బిల్లు చూపించమనండి. ఉద్యోగమూ ముందే చూసుకోండి. 400 మంది ఉండే రాష్ట్ర దిగువ సభకు గెలిచినా జీతం ఏడాదికి 100 డాలర్లే!

డెమొక్రాట్లు, రిపబ్లికన్లు కాక మూడో పార్టీ జెండాతోనే గెలవాలనుకుంటే ఆలోచించుకోండి. గవర్నర్ లేదా అమెరికా సెనేట్ ఎన్నికలో 4 శాతం ఓట్లు రాని పార్టీ బ్యాలెట్‌లో చోటు కోసం మళ్లీ సంతకాలు పోగుచేసుకోవాలి. అందుకే ఈ ప్రాజెక్ట్ కోసం తరలివచ్చి సభకు చేరినవారిలో ఎక్కువమంది రిపబ్లికన్లుగానే నిలబడ్డారు. ఇది మీకు మింగుడుపడుతుందా?

మనవాళ్లకు ఒక మాట. గ్రీన్ కార్డు ఉన్నంత మాత్రాన ఓటు రాదు. పొరపాటున వేసినా దేశం నుంచి పంపించేసే పరిస్థితి రావచ్చు. పౌరసత్వం వచ్చినవారు కూడా ఓటరుగా నమోదయ్యేటప్పుడు పాస్‌పోర్టో పౌరసత్వ పత్రమో వెంట తీసుకెళ్లాలి. 2024లో వచ్చిన చట్టం అది.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తేలిగ్గా గెలవడం. క్రాయ్‌డన్ అనే చిన్న ఊళ్లో 2022 మార్చిలో, బడి ఖర్చు మీద ఓటర్లే నేరుగా ఓటేసే వార్షిక సమావేశానికి జనం పలచగా వచ్చారు. ఫ్రీ స్టేట్ ఉద్యమకారుడొకరు లేచి, సుమారు 17 లక్షల డాలర్ల బడి బడ్జెట్‌ను 8 లక్షలకు తగ్గించాలన్నారు. 20-14 ఓట్లతో నెగ్గింది. ఆ ఊరి బడి నాలుగో తరగతి వరకే. పై తరగతుల పిల్లలకు పక్క ఊళ్లలో ఫీజు కట్టాలి. ఆ ఫీజులో కొంత భాగం ఇక మీదే అనేసరికి తల్లిదండ్రులు ఇల్లిల్లూ తిరిగారు. ప్రత్యేక సమావేశం చెల్లాలంటే ఓటర్లలో సగం మంది రావాలి. మే నెలలో వచ్చారు. 377-2తో పాత బడ్జెట్ తిరిగొచ్చింది. ఓడిన ఇద్దరి సంగతి పక్కన పెట్టండి, ఆ తర్వాత అదే ఊళ్లో మంచు తోసే మనిషి కోసం ఎవరి తలుపు తడతారు?

కాబట్టి మొదటి ఏడాది సమావేశంలో వెనక వరుసలో కూర్చుని వినండి. అది సాధారణంగా మార్చిలో, మంచు కరిగి మట్టిరోడ్లు బురదయ్యే రోజుల్లో జరుగుతుంది. కారులో పొడవు బూట్లు ఒక జత ఉంచుకోండి.