ఫైర్ అలారం నక్షా: అనుమతికి పంపే ముందు బల్ల మీద తేలవలసిన లెక్కలు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కొత్తగా లాడ్జి, ఫంక్షన్ హాలు, ఆసుపత్రి కట్టేవారు ఫైర్ అలారం నక్షాను అన్నిటికంటే చివరికి వదిలేయడం నేను చాలాకాలంగా చూస్తున్నాను. పిల్లర్లు, మెట్లు, సెట్‌బ్యాకులు అన్నీ ఖాయమయ్యాక, ఎప్పుడో వేరే భవనానికి గీసిన అలారం డ్రాయింగును తెరిచి, అందులోని గుర్తులను కొత్త ప్లాన్ మీద చల్లి, పేరు మార్చి పంపేస్తారు. అలాంటి నక్షా తిరిగి వచ్చినప్పుడు ఏ గుర్తు తప్పిందని వెతుకుతారు గాని, తప్పు గుర్తులో ఉండదు. నక్షా, లెక్కల కాగితం, పరికరాల పట్టిక అనే మూడూ ఒకే భవనం గురించి మాట్లాడకపోవడమే అసలు తప్పు. అందువల్ల ఈ వ్యాసంలో గుర్తులు ఎలా గీయాలనే దానికన్నా, ఆ మూడింటినీ ఒకదానితో ఒకటి ఎలా సరిపోల్చుకోవాలనే దాని మీదే ఎక్కువగా నిలుస్తాను.

ముందుగా మీ భవనానికి అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, అవసరమా కాదా అన్నది తేల్చుకోవాలి. మన రాష్ట్రంలో అమలులో ఉన్న 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ప్రకారం 18 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల నివాస భవనాలకూ, 15 మీటర్లు, అంతకు మించిన వాణిజ్య భవనాలకూ, బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు, ప్రార్థనా స్థలం వంటి జనం గుమిగూడే చోట్ల 500 చదరపు మీటర్లకు మించిన స్థలం గాని 6 మీటర్లకు మించిన ఎత్తు గాని ఉన్నవాటికీ అది కావాలి. ఇక్కడ మన పట్టణాలవాళ్లు తరచుగా పొరబడేది ఫంక్షన్ హాలు విషయంలో. ఒక్క అంతస్తే కదా, ఎత్తు లేదు కదా అనుకుంటారు. రోడ్డు పక్కన రెండెకరాల్లో వేసిన హాలుకు ఎత్తుతో నిమిత్తం లేకుండానే ఆ నిబంధన వర్తిస్తుంది.

ఎన్ఓసీ రెండు దశల్లో వస్తుంది. కట్టక ముందు ప్లాన్ చూసి ఇచ్చేది ప్రొవిజనల్, కట్టిన తరువాత స్థలానికి వచ్చి చూసి ఇచ్చేది ఆక్యుపెన్సీ. మనం గీసే అలారం నక్షా మొదటి దశలో ఫైలులో చేరి, రెండో దశలో తనిఖీ అధికారి చేతిలోకి వస్తుంది. కాబట్టి కాగితం మీద అందంగా ఉండి కట్టడానికి వీలుకాని నక్షా ఇప్పుడు పాసైనా, రెండేళ్ల తరువాత మీ మెడకే చుట్టుకుంటుంది.

సాంకేతిక ఆధారానికి రెండు పత్రాలు దగ్గర ఉంచుకోవాలి. మొదటిది 2016 నాటి జాతీయ భవన నియమావళిలో అగ్ని, ప్రాణ రక్షణకు సంబంధించిన 4వ భాగం. ఏ రకం భవనానికి ఏ ఎత్తులో పొగను, వేడిని తనంతట తానే పసిగట్టే ఆటోమేటిక్ డిటెక్షన్ కావాలో, ఎక్కడ చేతితో నొక్కే అలారం చాలునో అందులోని పట్టిక చెబుతుంది. రెండవది ఐఎస్ 2189 అనే భారతీయ ప్రమాణం. డిటెక్టర్లు ఎక్కడ పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి, వైరింగు ఎలా ఉండాలి అన్నవి దానిలో ఉంటాయి. ఈ రెండింటినీ నక్షా మీద నోట్స్‌లో పేర్కొనడం ఆనవాయితీ. అయితే పేర్కొన్న తరువాత వాటిని పాటించడం కూడా ఆనవాయితీ కావాలి.

గీయడం మొదలుపెట్టే ముందు ఆర్కిటెక్టు దగ్గర నుండి ఫ్లోర్ ప్లాన్లు మాత్రమే తెచ్చుకుంటే చాలదు. భవనాన్ని నిలువుగా కోసినట్టు చూపే సెక్షన్ డ్రాయింగు, దూలాల లోతు చూపే స్ట్రక్చరల్ డ్రాయింగు, ఫాల్స్ సీలింగ్ ప్లాన్, ఏసీ గాలి వచ్చే గ్రిల్లుల చోట్లు, ఏ గదిని దేనికి వాడతారో తెలిపే పట్టిక తప్పనిసరిగా అడగాలి. ఇవి లేకుండా నేను తొలినాళ్లలో గీసిన ఒక హాలు నక్షా దూలాల దగ్గరే దెబ్బతిని తిరిగి వచ్చింది, అది న్యాయమే. ఆ లెక్కను ఇక్కడ చెబితే విషయం తేలికగా అర్థమవుతుంది.

పొగ డిటెక్టర్ విషయంలో గదిలోని ఏ బిందువూ దగ్గరి డిటెక్టర్ నుండి 7.5 మీటర్లకు మించి ఉండకూడదు. వేడి డిటెక్టర్‌కు ఆ దూరం 5.3 మీటర్లు. చాలామంది ఈ 7.5ను రెట్టింపు చేసి, డిటెక్టరుకూ డిటెక్టరుకూ మధ్య 15 మీటర్లు వదిలేస్తారు. ఒక్కో డిటెక్టర్ చుట్టూ 7.5 మీటర్లతో వృత్తం గీస్తే, వృత్తాలు పక్కపక్కన తాకుతాయి గాని, నాలుగు వృత్తాల నడుమ మిగిలే మూల ఎవరి కిందికీ రాదు. చదరపు గడుల్లో అమర్చినప్పుడు పొగ డిటెక్టర్ల మధ్య దూరం 10.6 మీటర్లు, వేడి డిటెక్టర్ల మధ్య 7.5 మీటర్లు దాటకూడదు. ఇప్పుడు 18 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు ఉన్న హాలును తీసుకుంటే, చదునైన సీలింగు అయినప్పుడు రెండు వరుసల్లో మూడేసి చొప్పున ఆరు డిటెక్టర్లు సరిపోతాయి. కాని ఆరు మీటర్లకొకటి చొప్పున లోతైన దూలాలు కిందికి దిగి ఉంటే పొగ ఒక గడి నుండి ఇంకొక గడికి వెంటనే దాటదు గనుక, ప్రతి గడినీ ఒక గదిగానే లెక్కించాలి. అప్పుడు ఐదు గడులకు రెండేసి చొప్పున పది కావాలి. ఆరుకూ పదికీ ఉన్న ఈ తేడా ఫ్లోర్ ప్లాన్‌లో కనబడదు, సెక్షన్‌లోనే కనబడుతుంది.

ఫాల్స్ సీలింగు పైన ఖాళీ 800 మిల్లీమీటర్లకు మించితే ఆ ఖాళీలో కూడా డిటెక్టర్లు చూపాలి. అవి కంటికి కనబడవు గనుక, వాటికీ, తాళం వేసి ఉండే లాడ్జి గదుల్లోని వాటికీ బయట రెస్పాన్స్ ఇండికేటర్ దీపం చూపడం మరిచిపోకూడదు. రాత్రి రెండు గంటలకు వరండాలో నిలబడిన వాచ్‌మన్ ఏ గది తలుపు తట్టాలో ఆ దీపాన్ని చూసే తెలుసుకుంటాడు. గోడకు అర మీటరు లోపల డిటెక్టర్ పెట్టరాదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకు కనీసం ఒక మీటరు దూరం ఉంచాలి, ఇంకా ఎక్కువైతే మేలు.

ఏ గదికి ఏ డిటెక్టర్ అన్నది మన ప్రాంతపు ఎండను, పనులను దృష్టిలో పెట్టుకుని నిర్ణయించవలసిన విషయం. వంటగదిలో పొగ డిటెక్టర్ పెడితే పోపు వేసిన ప్రతిసారీ మోగుతుంది. వేగంగా పెరిగే వేడిని పసిగట్టే రకం కూడా పెద్ద పొయ్యిలు వెలిగించగానే మోసపోతుంది. స్థిరమైన ఉష్ణోగ్రత దగ్గర పనిచేసే వేడి డిటెక్టర్ వంటగదికి తగినది. సాధారణంగా దొరికేది 57 డిగ్రీలది. మే నెలలో బయటే 45 డిగ్రీలు తాకే నల్లగొండలో, రేకుల కప్పు కింద వంటశాల ఉంటే సీలింగు దగ్గర వేడి ఎంతదాకా పోతుందో ఆలోచించి, అక్కడ అంతకన్నా పై రేటింగు గలదాన్ని నక్షాలోనే స్పష్టంగా రాయాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఆఫీసు గదులకు గీసేవారు ధూళి సంగతి గుర్తుంచుకోవాలి. ఊక దుమ్ము చేరే చోట మామూలు పొగ డిటెక్టర్ నెల తిరగకముందే అలవాటైన అబద్ధాలకోరు అవుతుంది, నాలుగోసారి మోగాక ఎవరో దాని వైరు పీకేస్తారు.

సెల్లార్‌ను ఉత్త పార్కింగు అని తేలికగా వదలకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో నిప్పంటుకుని, పొగ పైకి ఎగబాకి 8 మంది చనిపోయారు. సెల్లార్‌లో ఛార్జింగు పాయింట్లు పెట్టే ఉద్దేశం యజమానికి ఉందా అని అడిగి, ఉంటే ఆ చోటును నక్షాలో గుర్తించి, సెల్లార్ నుండి మెట్ల షాఫ్టులోకి తెరుచుకునే ప్రతి తలుపు దగ్గరా డిటెక్టర్ చూపాలి. మెట్ల షాఫ్టును అంతస్తులతో కలపకుండా వేరే జోన్‌గా, అంటే అలారం విడిగా తెలిసే భాగంగా, చూపాలి.

చేతితో నొక్కే కాల్ పాయింట్లు నేల నుండి 1.4 మీటర్ల ఎత్తులో, ప్రతి అంతస్తులో మెట్లలోకి దారితీసే తలుపుల వద్ద, బయటికి పోయే ద్వారాల వద్ద ఉండాలి. అలంకరణ తెరలు, పూలస్టాండులు వాటిని కప్పేసే చోట్లను తప్పించాలి. ఇది ఫంక్షన్ హాళ్లలో నిత్యం జరిగే పని.

అలారం మోగించే హూటర్ల విషయంలో కొంచెం ఆగి లెక్క చేయాలి. శబ్దం 65 డెసిబెల్స్ గాని, అక్కడి మామూలు సద్దుకన్నా 5 డెసిబెల్స్ ఎక్కువ గాని, ఏది హెచ్చయితే అది ఉండాలి. నిద్రపోయే గదుల్లో తలగడ దగ్గర 75 ఉండాలి. లాడ్జిలో తలుపు మూస్తే వరండా హూటర్ శబ్దం చాలామేరకు తగ్గిపోతుంది గనుక, వరండాకు రెండు హూటర్లు చూపి గదులన్నీ అయిపోయాయనుకోవడం పొరపాటు. ఇక డీజే మోగే ఫంక్షన్ హాలులో ఆ సద్దును మించి 5 డెసిబెల్స్ మోగించాలనుకోవడం వృథా. అలారం రాగానే స్టేజీ సౌండ్ సాకెట్లకు కరెంటు పోయేలా ఒక రిలే మాడ్యూల్ (అలారం సంకేతంతో వేరే యంత్రాన్ని ఆపే లేదా నడిపే స్విచ్చి) చూపడం, హాలులో మెరిసే దీపాలు కూడా పెట్టడం సరైన మార్గం. పెళ్లివారు నొచ్చుకుంటారేమోనని యజమాని వెనకాడినా, దీన్ని నక్షాలో ఉంచమనే నేను చెబుతాను.

డిటెక్టర్లన్నిటినీ కలుపుతూ అలారం ప్యానెల్ నుండి బయలుదేరి తిరిగి దానికే చేరే తీగ చుట్టును లూపు అంటారు. లూపు గీసేటప్పుడు ప్యానెల్ నుండి వెళ్లే తీగ, తిరిగి వచ్చే తీగ ఒకే షాఫ్టులో చూపితే, ఒక్క మంటకు రెండూ పోతాయి. వేర్వేరు దారుల్లో చూపి, ప్రతి అంతస్తు సరిహద్దులోనూ షార్టయిన భాగాన్ని విడదీసే ఐసోలేటర్ ఒకటి ఉంచితే, ఒక అంతస్తులో షార్టయినా మిగతావి బతికి ఉంటాయి. ప్యానెల్‌ను గ్రౌండ్ ఫ్లోర్‌లో, అగ్నిమాపక సిబ్బంది లోపలికి అడుగుపెట్టగానే కనబడే చోట పెట్టాలి. యజమాని క్యాబిన్‌లో, తాళం వెనుక పెట్టరాదు.

లెక్కల కాగితంలో రెండు లెక్కలు ఉండాలి. మొదటిది బ్యాటరీ. కరెంటు పోయాక 24 గంటలు నిఘా, ఆపైన అరగంట అలారం అని పెట్టుకుంటే, నిఘాలో 0.45 ఆంపియర్లు లాగే వ్యవస్థకు 10.8 ఆంపియర్ గంటలు, అలారంలో 2.4 ఆంపియర్లు లాగితే మరో 1.2, మొత్తం 12. పాతబడే కొద్దీ తగ్గే సత్తువకు నాలుగో వంతు కలిపితే 15. బజారులో దొరికే 17 లేదా 18 ఆంపియర్ గంటల 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి చూపాలి. రెండవది వోల్టేజి తగ్గుదల. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 12.1 ఓముల నిరోధం ఉంటుంది. 120 మీటర్ల దూరంలోని హూటర్లకు రానుపోను 240 మీటర్ల తీగ, అంటే 2.9 ఓములు. అర ఆంపియరు పారితే దాదాపు 1.45 వోల్టులు దారిలోనే పోతాయి. బ్యాటరీ అడుగంటి 20.4 వోల్టులకు దిగినప్పుడు చివరి హూటరుకు అందేది సుమారు 18.9. హూటర్ కంపెనీ వాళ్ల డేటా షీటులో కనీస వోల్టేజి దీనికన్నా తక్కువగా ఉందో లేదో చూసి, లేకపోతే తీగను 2.5 చదరపు మిల్లీమీటర్లకు పెంచి మళ్లీ లెక్కించాలి.

దీనితో పాటు ఏది మోగితే ఏమేమి జరగాలో తెలిపే పట్టిక ఒకటి జతపరచాలి. లిఫ్టులు గ్రౌండ్ ఫ్లోర్‌కు దిగి తలుపులు తెరుచుకుని ఆగాలి, ఏసీ గాలి యంత్రాలు ఆగాలి, మెట్లలోకి పొగ రాకుండా గాలి నెట్టే ఫ్యాన్లు ఉంటే అవి మొదలవ్వాలి, అయస్కాంతంతో పట్టి ఉంచిన తలుపులు విడిపోవాలి. ఈ పట్టికలో రాసిన ప్రతి చర్యకూ నక్షాలో ఒక మాడ్యూల్ ఉండాలి. పట్టికలో లిఫ్టు ఉండి నక్షాలో లిఫ్టు మెషిన్ రూమ్ దగ్గర మాడ్యూల్ లేకపోవడం నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనబడిన లోపం.

షీట్లను 1:100 కొలతలో గీసి, ప్రతి షీటు మీద ఉత్తర దిక్కు, గుర్తుల వివరణ, సవరణ సంఖ్య, తేదీ వేయాలి. విడిగా ఒక షీటులో ప్యానెల్ నుండి పై అంతస్తు దాకా తీగలు ఎలా ఎక్కుతాయో చూపే రైజర్ చిత్రం ఉండాలి. అంతస్తుల వారీగా పరికరాల సంఖ్యను పట్టికలో రాసి, ఆ సంఖ్యను నక్షాలోని గుర్తులతో చేత్తో లెక్కబెట్టి పోల్చాలి. కంప్యూటరు లెక్కను నమ్మకండి, ఒకదాని మీద ఒకటి పడిన గుర్తులను అది రెండుగా లెక్కిస్తుంది. భవనపు ఎత్తు ఆర్కిటెక్టు షీటులో ఒకటి, మీ రైజర్‌లో ఇంకొకటి ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం తరువాత దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే సాగుతున్నాయి గనుక, ఏ సవరణ నక్షా అప్‌లోడ్ అయిందో మీ దగ్గర రాసి పెట్టుకోండి.

ప్యానెల్ పక్కన వేలాడదీసే జోన్ పటాన్ని మాత్రం తెలుగులోనే తయారుచేయండి. ‘రెండో అంతస్తు, తూర్పు వరండా, 201 నుండి 208 గదులు’ అని రాసి ఉంటే రాత్రి కాపలా ఉన్న మనిషికి ఎవరినీ అడగవలసిన పని ఉండదు. కట్టడం ముగిశాక గోడ జరిగిన చోట, గది రెండైన చోట మార్పులను ఎర్ర సిరాతో గుర్తించి, కట్టినట్టుగా ఉన్న నక్షాను తిరిగి గీయించి, ఆక్యుపెన్సీ తనిఖీకి ముందే దాని ఒక ప్రింటును ప్యానెల్ తలుపు లోపలి జేబులో పెట్టించండి.