అప్‌డేట్ చేశాక రెజెక్స్ తేడా కొడుతోందా? ముందే ఎలా పట్టుకోవాలి, తర్వాత ఎలా సరిచేయాలి

సర్వర్‌లో జావా 17 తీసేసి 21 పెట్టాం, బిల్డ్ పాసైంది, టెస్టులన్నీ గ్రీన్, రాత్రికి రాత్రే రిలీజ్ చేసేసి ఇంటికెళ్లిపోయాం. మేం చేసేది కిరాణా షాపులకి స్టాక్ యాప్, సెర్చ్ బాక్సులో సరుకు పేరు మొదటి రెండు మూడు అక్షరాలు కొడితే లిస్టు వచ్చేస్తుంది. మూడు వారాలయ్యాక ఒక షాపు ఆయన ఫోన్ చేసి "ఏమండీ, కందిపప్పు అని తెలుగులో కొడితే ఏం రావట్లేదు, ఇంగ్లీషులో కొడితేనే వస్తోంది" అన్నారు. అప్పటిదాకా ఆయనా, ఆయనలాంటి వాళ్లు ఇంకెంతమందో, సెర్చ్ మానేసి లిస్టంతా కిందకి జరుపుకుంటూ వెతుక్కుంటున్నారు. ఒక్క ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క లైను లేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ బాధే, ఇంకొకరికి అలా జరక్కూడదనే ఇదంతా రాస్తున్నా.

అసలేమైందంటే, మా సెర్చ్ రెజెక్స్‌తో, అంటే టెక్స్ట్‌లో ఏం వెతకాలో గుర్తులతో చెప్పే ప్యాటర్న్‌తో నడుస్తుంది, అందులో యూజర్ కొట్టిన ముక్కకి ముందు మేం బ్యాక్‌స్లాష్ బీ పెట్టాం, అంటే మాట అంచు దగ్గర్నుంచే వెతుకు అని. జావా 18 దాకా అది తెలుగు అక్షరాన్ని కూడా అక్షరంగానే చూసేది. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన 19 నుంచి మాత్రం డీఫాల్ట్‌గా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ ఇవే దాని లెక్కలోకి వస్తాయి, స్పేస్ పక్కన "క" ఉంటే దాని దృష్టిలో రెండూ అక్షరాలు కావు కాబట్టి అక్కడ అంచే లేదు. ఇది పొరపాటున దూరిన బగ్ కూడా కాదు, మాటలో వచ్చే ఒక అక్షరం అని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ జావాలో మొదట్నుంచీ ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెల లాంటివి) వరకే చూస్తుంది కాబట్టి రెంటినీ ఒకే దారిలో పెట్టారు, రిలీజ్ నోట్స్‌లో రాశారు కూడా. మేం చదివింది 21 నోట్స్. మధ్యలో ఉన్న 19 నోట్స్ తెరవనే లేదు. సరిచేయడానికి పట్టింది ఒక్క లైను, ప్యాటర్న్ కంపైల్ చేసేచోట యూనికోడ్ క్యారెక్టర్ క్లాస్ అనే ఫ్లాగ్ (అన్ని భాషల అక్షరాలనీ లెక్కలోకి తీస్కో అని చెప్పే సెట్టింగ్) ఇస్తే చాలు.

సో నేను గట్టిగా చెప్పేది ఇదీ: మనం రాసిన ప్యాటర్న్ అర్థం ప్యాటర్న్‌లో మాత్రమే ఉండదు, దాన్ని చదివే ఇంజిన్‌లో, ఆ ఇంజిన్ వెర్షన్‌లో కూడా ఉంటుంది. ప్యాటర్న్ ముట్టుకోలేదు కదా, ఎందుకు మారుతుంది అనుకోవద్దు.

అప్‌డేట్‌కి ముందు

మొదట మీ ప్యాటర్న్‌ని చదివే ఇంజిన్ ఏదో తెలుసుకోండి. జావా, పైథాన్‌లకి వాటి సొంతవి ఉన్నాయి, పీహెచ్‌పీకి పీసీఆర్‌ఈ అనే రెజెక్స్ లైబ్రరీ. పీహెచ్‌పీతో ఒక చిక్కు ఏంటంటే డెబియన్ లాంటి సిస్టమ్స్‌లో పీసీఆర్‌ఈ విడి ప్యాకేజీగా ఉంటుంది, మీరు పీహెచ్‌పీ జోలికి పోకపోయినా సిస్టమ్ అప్‌డేట్‌తో కింద ఇంజిన్ మారిపోవచ్చు. అందుకే పీహెచ్‌పీ వెర్షన్‌తో పాటు పీసీఆర్‌ఈ వెర్షన్ కూడా ప్రింట్ చేసి రాసి పెట్టుకోండి.

తర్వాత కోడ్ అంతా గాలించి ప్యాటర్న్‌లన్నీ ఒకచోట చేర్చండి. కాన్ఫిగ్ ఫైళ్లు, డేటాబేస్ టేబుల్స్, ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ రూల్స్, ఎప్పుడో ఎవరో రాసిన షెల్ స్క్రిప్టులు కూడా చూడాలి, ఎక్కువగా మర్చిపోయేవి అవే. 2022లో ఫైళ్లలో టెక్స్ట్ వెతికే కమాండ్ జీఎన్‌యూ గ్రెప్ 3.8 వచ్చినప్పుడు అవసరం లేని బ్యాక్‌స్లాష్‌లకి, దాని పాత రూపాలు ఈగ్రెప్, ఎఫ్‌గ్రెప్ వాడకానికి వార్నింగులు ఇవ్వడం మొదలెట్టింది, వార్నింగ్ అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ ఎర్రర్ అవుట్‌పుట్‌లో ఏదైనా కనపడితే ఫెయిల్ అనుకునే క్రాన్ జాబులు (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనులు) ఉంటే అవి ఆగిపోతాయి.

ఇప్పుడు అసలు పని, శాంపిళ్ల ఫైలు. దీనికి టైమ్ పెట్టండి, మిగతావి తొందరగా అయిపోయినా పర్లేదు. ఒక్కో ప్యాటర్న్‌కి మీ నిజమైన డేటాలోంచి ఒక ఇరవై ముప్పై స్ట్రింగులు తీయండి, ఫోన్ నంబర్లు, పేర్లు ఉంటే మార్చేసి పెట్టండి. మ్యాచ్ అవ్వాల్సినవి ఎన్ని పెడతారో అవ్వకూడనివీ అన్ని పెట్టండి, చాలామంది వీటిని వదిలేస్తారు. ఖాళీ స్ట్రింగ్ ఒకటి ఉండాలి. తెలుగు డేటా ఉన్నవాళ్లయితే "తెలుగు", "దుఃఖం", "శ్రీ" లాంటి మాటలు, "౧౨౩" లాంటి తెలుగు అంకెలు, "సాఫ్ట్‌వేర్" లాగా మధ్యలో కంటికి కనపడని, అక్షరాలు అతుక్కోకుండా ఆపే నాన్-జాయినర్ క్యారెక్టర్ ఉన్న మాటలు తప్పకుండా పెట్టండి.

ఎందుకు ఇంతలా చెప్తున్నానంటే గుణింతాల గుర్తులు యూనికోడ్‌లో అక్షరాలు కావు, మార్కులు. అందులోనూ రెండు రకాలు, ఎత్వం ఒక రకం, కొమ్ము ఇంకో రకం. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్‌తో "తెలుగు" అనే మాటని వెతికితే ఒక్క మాటగా రాదు, త, ల, గ అని మూడు ముక్కలొస్తాయి. పీహెచ్‌పీలో యూ ఫ్లాగ్ (యూనికోడ్‌గా చదువు అని చెప్పేది) పెట్టినా అంతే ఉండేది, కానీ 2024లో వచ్చిన పీసీఆర్‌ఈ2 (పీసీఆర్‌ఈ కొత్త తరం) 10.43 నుంచి ఎత్వం రకం గుర్తులు లెక్కలోకి వచ్చాయి, కొమ్ము రకం రాలేదు, కాబట్టి అదే ప్యాటర్న్‌కి ఇప్పుడు "తెల", "గ" అని రెండు ముక్కలొస్తాయి. మూడు ముక్కలొస్తాయని తెలిసి వాటిని అతికించుకునే కోడ్ ఎవరైనా రాసుకుని ఉంటే అది అప్‌డేట్ అవ్వగానే వేరే రకంగా విరుగుతుంది. దీనికి గట్టి మందు బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద ఆధారపడకపోవడమే: బ్యాక్‌స్లాష్ పీతో అక్షరాల క్లాస్ ఎల్, మార్కుల క్లాస్ ఎం రెండూ కలిపి స్క్వేర్ బ్రాకెట్లలో రాయండి, ఆ నాన్-జాయినర్‌ని విడిగా చేర్చండి. పైథాన్ ఆర్‌ఈలో బ్యాక్‌స్లాష్ పీ పనిచేయదు, దానికి బయట నుంచి రెజెక్స్ అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్కోవాలి.

ఫైలు రెడీ అయ్యాక పాత వెర్షన్ మీద రన్ చేసి రిజల్ట్ సేవ్ చేయండి. మ్యాచ్ అయిందా లేదా అని మాత్రమే రాస్తే సరిపోదు, ఏ ముక్క దొరికింది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, రీప్లేస్ అయితే మొత్తం ఫలితం ఏంటి, అన్నీ ఉండాలి. తర్వాత కొత్త వెర్షన్‌లో అదే రన్ చేసి రెండు ఫైళ్లకీ డిఫ్ కొట్టండి, అంటే తేడాలు చూడండి. పైథాన్ 3.7 మార్పు ఇలాగే దొరుకుతుంది: డాట్ స్టార్ ప్యాటర్న్‌తో (ఏ అక్షరాలైనా, ఎన్నైనా, అసలు లేకపోయినా సరే అని) "అమల" అనే స్ట్రింగ్‌ని గీతతో రీప్లేస్ చేస్తే 3.6లో ఒక గీత వచ్చేది, 3.7 నుంచి రెండు గీతలు, ఎందుకంటే మాట మొత్తం మ్యాచ్ అయ్యాక చివర్లో మిగిలే ఖాళీని కూడా ఇప్పుడు ఇంకో మ్యాచ్‌గా తీస్కుంటుంది. మ్యాచ్ అయిందా అని మాత్రమే చూస్తే రెండు వెర్షన్లలోనూ అవుననే వస్తుంది. స్టార్ బదులు ప్లస్ పెడితే ఈ గొడవ ఉండదు.

రిలీజ్ నోట్స్ విషయం పైన చెప్పిందే, ఎక్కడ్నుంచి ఎక్కడికి దూకుతున్నారో ఆ మధ్యలో ఉన్న ప్రతి వెర్షన్‌వీ తెరవండి, మొత్తం చదవక్కర్లేదు, రెజెక్స్, ప్యాటర్న్, యూనికోడ్, లోకేల్ అనే మాటలు వెతికితే చాలు. లోకేల్ (ఏ దేశం, ఏ భాష పద్ధతిలో తేదీ, టైమ్ చూపించాలో చెప్పే సెట్టింగ్) ఎందుకంటే కొన్నిసార్లు ఇంజిన్ మారదు, దానికి వచ్చే టెక్స్ట్ మారుతుంది. జావా 20లో సీఎల్‌డీఆర్ 42 అనే లోకేల్ డేటా వచ్చాక అమెరికా ఇంగ్లీషు టైమ్ ఫార్మాట్‌లో అంకెలకీ ఏఎం పీఎంకీ మధ్య మామూలు స్పేస్ పోయి సన్నని నో-బ్రేక్ స్పేస్ వచ్చింది. చూడ్డానికి రెండూ ఒకటే, కానీ జావాలో బ్యాక్‌స్లాష్ ఎస్ డీఫాల్ట్‌గా దాన్ని స్పేస్ అనుకోదు.

టైమ్ కూడా కొలవండి

రిజల్ట్ సరిగ్గానే ఉండి టైమ్ పెరిగినా అది బగ్గే. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు పడిపోయింది, కారణం లైను చివరి స్పేస్‌లు తీసేసే చిన్న రెజెక్స్, ఒక పోస్టులో వరసగా 20,000 దాకా స్పేస్‌లు ఉండేసరికి దాదాపు 20 కోట్ల చెకింగులు చేయాల్సొచ్చింది. 2019 జులై 2న క్లౌడ్‌ఫ్లేర్ తన ఫైర్‌వాల్‌కి కొత్త రూల్ ఒకటి పంపిస్తే అందులోని రెజెక్స్ బ్యాక్‌ట్రాకింగ్‌లో (వెనక్కెళ్లి మళ్లీ మళ్లీ వేరే దారులు ప్రయత్నించడంలో) ఇరుక్కుని ప్రపంచమంతా వాళ్ల సర్వర్ల సీపీయూ మొత్తం తినేసింది, అది 27 నిమిషాలు. అందుకే మీ శాంపిళ్లలో 20,000 స్పేస్‌ల లైను, చివరి అక్షరం దగ్గర మాత్రమే ఫెయిలయ్యే పొడవాటి లైను ఉంచి ఒక్కోదానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రెండు వెర్షన్లలోనూ రాసుకోండి.

ఆల్రెడీ విరిగిపోతే

ముందు ప్యాటర్న్ మార్చకండి, తొందరపడి మార్చితే కారణం ఇక దొరకదు. ఫెయిలవుతున్న స్ట్రింగ్ తీస్కుని సగం సగం కోస్తూ, ప్యాటర్న్‌ని కూడా అలాగే తగ్గిస్తూ, ఇంకా ఫెయిలవుతున్న అతి చిన్న జోడీ దగ్గర ఆగండి. దాన్ని డాకర్‌లో (ఏ వెర్షన్‌నైనా విడిగా నడిపించుకునే టూల్) వెర్షన్ మార్చి మార్చి రన్ చేయండి, పాతకీ కొత్తకీ మధ్యలోంచి మొదలెడితే రెండు మూడు సార్లలోనే ఏ వెర్షన్‌లో మారిందో తెలిసిపోతుంది, ఇక ఆ వెర్షన్ నోట్స్ తెరిస్తే చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

చాలాసార్లు తప్పు మన ప్యాటర్న్‌దే అయ్యుంటుంది, పాత ఇంజిన్ చూసీచూడనట్టు వదిలేసి ఉంటుంది. 2018 డిసెంబర్‌లో పీహెచ్‌పీ 7.3 పీసీఆర్‌ఈ2కి మారినప్పుడు ఎంతోమంది ఈమెయిల్ చెకింగ్ ఇలాగే విరిగింది, స్క్వేర్ బ్రాకెట్లలో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ తర్వాత హైఫన్, దాని తర్వాత డాట్ ఉంటే పాతది ఊరుకునేది, కొత్తది ఆ హైఫన్‌ని రేంజ్ అనుకుని కంపైల్ చేయనంది. హైఫన్‌ని బ్రాకెట్ చివరికి జరిపితే సరిపోతుంది. కానీ అక్కడే ఇంకో గుంట ఉంది, ప్రెగ్ మ్యాచ్ ఫంక్షన్ మ్యాచ్ కాకపోతే సున్నా ఇస్తుంది, ప్యాటర్నే చెడితే ఫాల్స్ ఇస్తుంది, మనం ఆశ్చర్యార్థకం పెట్టి ఇఫ్ రాస్తే రెండూ ఒకటే అయిపోయి కరెక్ట్ ఈమెయిల్ ఇచ్చిన ప్రతి మనిషికీ "మీ ఈమెయిల్ తప్పు" అని చూపిస్తుంది. మూడు ఈక్వల్స్‌తో ఫాల్స్‌ని విడిగా చెక్ చేసి లాగ్ చేయండి. పైథాన్ 3.11 ఈ విషయంలో నయం, చిన్న ఐ ఫ్లాగ్‌ని (పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకు అని చెప్పేది) ప్యాటర్న్ మధ్యలో పెడితే నేరుగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, మొదట్లోకి జరిపితే పని అయిపోతుంది.

నోట్స్‌లో ఎక్కడా లేదు, డాక్యుమెంటేషన్ ఒకటి చెప్తుంటే ఇంజిన్ ఇంకోటి చేస్తోంది అంటే అప్పుడు అది నిజంగా వాళ్ల బగ్, రిపోర్ట్ చేయండి. ఆ చిన్న జోడీ, రెండు వెర్షన్ నంబర్లు, రెండింటి అవుట్‌పుట్, మీరు ఏం ఆశించారు, ఇవి చాలు. తెలుగు స్ట్రింగ్ అయితే కోడ్ పాయింట్లు (ఒక్కో అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన నంబర్లు) కూడా రాయండి, అవతల చదివేవాళ్లకి మన లిపి రాకపోవచ్చు.

ఈలోపు పాత వెర్షన్‌కి పిన్ చేయొచ్చు, అంటే మారకుండా కట్టేయొచ్చు, కానీ సెక్యూరిటీ ప్యాచులు కూడా ఆగిపోతాయి కాబట్టి ఎందుకు పిన్ చేశారో, ఎప్పటికల్లా తీసేస్తారో ఆ లైను పక్కనే కామెంట్‌లో తేదీతో సహా రాసి, విరిగిన స్ట్రింగ్‌ని శాంపిళ్ల ఫైల్లో చేర్చండి.